ఎల్‌-1 చెప్పని లెక్క

“సర్కారు డబ్బంటే ప్రజల డబ్బు. ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ కొనాలి. మన సరుకు, పరాయి సరుకు అని గీత గీసుకుని కూర్చుంటే మునిగేది పన్ను కట్టేవాడే.” పత్రికల్లో, టీవీ చర్చల్లో, ఆఖరికి మా నాట్రంపల్లి టీ కొట్ల దగ్గర కూడా ఈ మాటకు ఎదురు చెప్పేవాళ్లు కనబడరు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. పొదుపు వద్దని ఎవరంటారు? అందుకే ప్రభుత్వ కొనుగోళ్లలో స్వదేశీ తయారీదారుకు ముందుపీట వేసే నిబంధన పేరెత్తితే చాలు, నాయకుల దేశభక్తి ప్రదర్శనకు జనం కొనే టికెట్టు అని పెదవి విరవడం తెలివికి గుర్తయిపోయింది.

ఇది నిబంధనను చదవకుండా చేస్తున్న వాదన. ధర అంటే ఏమిటో ఆలోచించకుండా చేస్తున్న వాదన కూడా. తప్పు పట్టాల్సిన చోటు ఒకటుంటే వీళ్లు మరోచోట వేలు పెడుతున్నారు. ఆ వేలి నీడన అసలు దొంగలు హాయిగా ఉన్నారు.

ఈ విషయం మాట్లాడటానికి మా ప్రాంతానికి కొంత హక్కుంది. నాట్రంపల్లి 2019 దాకా వేలూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపత్తూరు జిల్లాలో ఉంది. ఇంట్లో తెలుగు, కచేరీలో తమిళం, సంతలో రెండూ నడిచే సీమ ఇది. ఒకపక్క వాణియంబాడి, ఆంబూరు తోళ్ల ఫ్యాక్టరీలు. ఇంకోపక్క గుడియాత్తం మగ్గాలు, అగ్గిపెట్టెలు. మరికాస్త ముందుకెళితే రాణిపేటలో భెల్ బాయిలర్ విడిభాగాల కర్మాగారం, దాన్ని నమ్ముకున్న చిన్న చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్లు. సర్కారు కొంటే ఊరేమవుతుంది, కొనడం మానేస్తే ఏమవుతుంది అన్నది ఇక్కడ పుస్తకాల్లో చదివి తెలుసుకోనక్కర్లేదు.

ముందు నిబంధన సంగతి చూద్దాం. 2017 జూన్ 15న కేంద్రం ‘మేకిన్ ఇండియా’కు ప్రాధాన్యమిస్తూ కొనుగోళ్ల ఉత్తర్వు తెచ్చింది. 2020లో దాన్ని బిగించింది. సరుకు విలువలో 50 శాతం, ఆపైన ఇక్కడ పుట్టినదైతే ఆ సరఫరాదారు క్లాస్-1. 20 నుంచి 50 లోపయితే క్లాస్-2. ఇరవైకి కూడా చేరకపోతే స్థానికేతరుడు. రూ.200 కోట్ల లోపు కొనుగోలుకు మామూలుగా గ్లోబల్ టెండరు పిలవకూడదు. విమర్శకులు ఇక్కడిదాకా చదివి పుస్తకం మూసేస్తారు. అసలు సంగతి ఆ తర్వాతి పేజీలో ఉంది.

ఒక కేంద్ర సంస్థకు లక్ష జతల బూట్లు కావాలనుకుందాం. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి, పద్ధతి మాత్రం ఉత్తర్వులోనిదే. పైతోలు, సోలు, జిగురు చాలావరకు బయటి దేశం నుంచి తెప్పించి ఇక్కడ కుట్టించే కంపెనీ జతకు 800 రూపాయలు కోట్ చేసింది. అందరికన్నా తక్కువ కాబట్టి అది ఎల్‌-1. దాని స్థానిక వాటా 30 శాతం, అంటే క్లాస్-2. వాణియంబాడి తోలు తెచ్చి ఆంబూరులో బూటు మొత్తం తయారుచేసే క్లాస్-1 కంపెనీ 920 కోట్ చేసింది. మన పొదుపరుల లెక్క ప్రకారం ఏం జరగాలి? స్వదేశీ కాబట్టి 920కే ఆర్డరు, జతకు 120 రూపాయలు జనం నెత్తిన. ఉత్తర్వు ప్రకారం జరిగేది వేరు. ఎల్‌-1కు 50 వేల జతల ఆర్డరు 800 చొప్పున వెళ్తుంది. 920 అన్నది 800 మీద 20 శాతం హద్దులో, అంటే 960 లోపల ఉంది. కాబట్టి ఆంబూరు కంపెనీని పిలిచి, మిగతా 50 వేల జతలు అదే 800కు ఇస్తావా అని అడుగుతారు. ఇస్తానంటే ఆర్డరు దానిది. ఇవ్వనంటే హద్దులో ఉన్న తర్వాతి క్లాస్-1ని అడుగుతారు. వాళ్లూ కాదంటే మొత్తం ఎల్‌-1కే. ఏ దారిన పోయినా ఖజానా చెల్లించేది జతకు 800 రూపాయలే. అదనంగా పోయిన పైసా ఏదో చూపించండి.

చిన్న పరిశ్రమల కోసం 2012లో తెచ్చిన కొనుగోళ్ల విధానం నడిచేదీ ఇంచుమించు ఇదే దారిలో. కేంద్ర శాఖలు, సంస్థలు ఏటా కొనేదాంట్లో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. ఎల్‌-1 కంటే 15 శాతం లోపు ఎక్కువ చెప్పిన చిన్న యూనిట్‌కు అవకాశం ఉంటుంది, ఎల్‌-1 ధరకు దిగితేనే. ముందుపీట అంటే ఇంతే. ధర రాయితీ లేదు, గుమ్మంలోకి రానిస్తున్నారు అంతే.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఏదైనా సరుకును చేయగల సత్తా, పోటీ దేశంలో తగినంత ఉన్నాయని సంబంధిత శాఖ తేల్చితే, ఆ సరుకుకు క్లాస్-1 వాళ్లు మాత్రమే బిడ్ వేయాలి. అక్కడ పోటీ తగ్గి ధర పెరిగే ప్రమాదం ఉంది. ఇద్దరు ముగ్గురే ఉన్న రంగంలో వాళ్లు కూడబలుక్కుంటే అడిగేవాడుండడు. ఆ చోట కాపలా పెట్టమనండి, ఒప్పుకుంటాను. ఆ ఒక్క చోటును చూపించి మొత్తం నిబంధన దండగమారిదని తీర్పు చెబితే మాత్రం ఒప్పుకోను.

రెండో వాదన మరింత గంభీరంగా వస్తుంది. ప్రపంచం తలుపులు తెరుస్తుంటే మనం మూసుకుంటున్నామట. ఏ ప్రపంచం? అమెరికాలో ‘బై అమెరికన్’ చట్టం 1933 నాటిది. అధ్యక్షుడు హూవర్ గద్దె దిగే ముందురోజు సంతకం పెట్టాడు. తొంభై ఏళ్లలో డెమొక్రాట్లు వచ్చారు, రిపబ్లికన్లు వచ్చారు, ఆ చట్టాన్ని ఎవరూ తీసేయలేదు. బైడెన్ హయాంలో స్థానిక వాటా గీతను 55 నుంచి 60కి, 2024 నుంచి 65కి, 2029 నుంచి 75 శాతానికి పెంచుతూ నిబంధన రాశారు. పైగా అక్కడ విదేశీ సరుకు బిడ్‌ను బేరీజు వేసేటప్పుడు దాని ధరకు 20 శాతం, పోటీలో ఉన్నది చిన్న కంపెనీ అయితే 30 శాతం కలిపి చూస్తారు. అంటే అక్కడి ప్రభుత్వం స్వదేశీ సరుకుకు నిజంగానే ఎక్కువ చెల్లిస్తుంది. మనది ఎల్‌-1కు దిగిరమ్మంటుంది. రెండింట్లో ఏది మెతకో చిన్నపిల్లాడైనా చెబుతాడు. మరి అమెరికా చేస్తే పారిశ్రామిక విధానం, మనం చేస్తే సంకుచితత్వం ఎలా అయింది?

ప్రపంచ వాణిజ్య నిబంధనలు కూడా సర్కారు సొంత అవసరాలకు కొనేదాన్ని మొదటి నుంచీ వేరుగానే చూశాయి. 1947 నాటి గాట్ ఒప్పందంలోనే ఆ మినహాయింపు ఉంది. ఆ గీత ఎక్కడుందో మనకు దెబ్బ తగిలి తెలిసింది. జాతీయ సోలార్ మిషన్‌లో ఇక్కడి సెల్స్, మాడ్యూల్సే వాడాలని కేంద్రం షరతు పెడితే అమెరికా ఫిర్యాదు చేసింది, 2016లో మనం ఓడిపోయాం. కారణం వింటే నిబంధన తర్కం అర్థమవుతుంది. సర్కారు కొన్నది కరెంటు, ప్రాధాన్యమిచ్చింది సెల్స్‌కు. కొనని సరుకుపై కొనుగోలుదారు హక్కు చెల్లదన్నారు. ఆ తర్వాత 2019లో ప్రభుత్వ సంస్థలు తమ వాడకం కోసం పెట్టుకునే సోలార్ ప్లాంట్లకు దేశీ సెల్స్ షరతుతో వేరే పథకం తెచ్చారు. తన డబ్బుతో తన కోసం కొనేటప్పుడు ఎవరి దగ్గర కొనాలో ఎంచుకునే హక్కు ఏ దేశమూ వదులుకోలేదు. బేరం కుదిరినప్పుడు ఆ హక్కులో కొంత ఇచ్చి కొంత పుచ్చుకుంటారు. 2025 జూలైలో బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందంలో మనం చేసింది అదే. మన కేంద్ర కొనుగోళ్లలోకి అక్కడి సరఫరాదారులకు కొంత దారి ఇచ్చాం. చేతిలో ముక్క ఉంటేనే ఆట. ముందే పారేసినవాడు దేన్నిచ్చి బేరమాడతాడు?

ఇక ధర సంగతి. ఎల్‌-1 అన్నది టెండరు పెట్టె తెరిచిన రోజు కనిపించే ఒక అంకె. ఆ రోజుకు ముందు, ఆ తర్వాత ఏముందో అది చెప్పదు.

హైదరాబాద్ బాలానగర్ చరిత్ర తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. 1970లో అక్కడ ఎంటార్ అనే చిన్న కంపెనీ పుట్టింది. అణుశక్తి శాఖకు రియాక్టర్ల కూలెంట్ ఛానెళ్ల విడిభాగాలు చేసిపెట్టడం దాని తొలి పనుల్లో ఒకటి. మైక్రాన్లలో కొలిచే పని అది, దేశంలో అప్పటికి చేసినవాళ్లు లేరు. బయట కొనుక్కుంటే సరిపోయేది కదా? 1974లో పోఖ్రాన్ పరీక్ష జరిగింది. రాజస్థాన్ రియాక్టర్లకు తోడున్న కెనడా చేయి విదిల్చుకుని వెళ్లిపోయింది. ఆ రోజు అంతర్జాతీయ ఎల్‌-1 ధర ఎంతో తెలిసీ ప్రయోజనం లేకపోయింది, అమ్మేవాడే లేడు. అప్పుడు అక్కరకొచ్చింది ఇక్కడ లేతు మీద చేయి తిరిగినవాళ్లే. అదే ఎంటార్ తర్వాత ఇస్రోకు వికాస్ ఇంజన్ల పని చేసింది, అమెరికాకు చెందిన బ్లూమ్ ఎనర్జీకి ఫ్యూయల్ సెల్ యూనిట్లు ఎగుమతి చేసే స్థాయికి వెళ్లింది, 2021లో స్టాక్ మార్కెట్‌కు ఎక్కింది. సర్కారు మొదటి ఆర్డరు ఇచ్చినప్పుడు కొన్నది విడిభాగాలు ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఒక తరం పనివాళ్ల నేర్పును కొన్నది. టెండరు కాగితంలో ఆ పద్దుకు గడి ఉండదు.

పాలారు ఇంకో లెక్క చెబుతుంది. మా టానరీలు ఆ నదిని ఏం చేశాయో దాచేది లేదు. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన కేసులో 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు టానరీలకు తలా పది వేల రూపాయల జరిమానా వేసింది, కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని మన చట్టంలో భాగం చేసింది. చవక తోలు ధరలో చచ్చిపోయిన ఏటి ఖరీదు లేదని ఆ తీర్పు లోకానికి చాటింది. దాన్నే స్వదేశీకి వ్యతిరేకంగా చూపిస్తారు కొందరు. నేను తిప్పి అడుగుతాను. ఇక్కడి టానరీ విషం వదిలితే కోర్టుకు లాగగలిగాం. దిగుమతి తోలు ఏ ఏటిని చంపి వచ్చిందో, ఆ ఒడ్డున ఎవరి బావులు చెడ్డాయో మన టెండరు కమిటీ అడుగుతుందా? శుద్ధి ప్లాంటు ఖర్చు భరించే ఆంబూరు కంపెనీనీ, ఆ ఖర్చు లేనిచోట నుంచి తెప్పించుకునేవాణ్నీ ఒక్క అంకెతో తూచి, రెండోవాణ్ని సమర్థుడు అంటున్నాం.

చవక అన్న మాట చరిత్రలో ఎవరికి పనికొచ్చిందో కూడా గుర్తు చేసుకోవాలి. బ్రిటిష్ జమానాలో భారత ప్రభుత్వానికి కావలసిన సామగ్రిలో ఎక్కువ భాగం లండన్‌లోని ఇండియా ఆఫీసు ద్వారా వచ్చేది. ఇక్కడ చేయించుకుందామన్న ఆలోచనకు అడుగడుగునా అడ్డంకులే. మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ సర్కారు తరఫున క్రోమ్ తోలు తయారీ మొదలుపెడితే, అక్కడి యూరోపియన్ వర్తకులు గోల చేశారు. 1910లో బ్రిటన్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మోర్లే, సర్కారు ఇలాంటి పనుల్లో తలదూర్చకూడదని లండన్ నుంచి తాఖీదు పంపాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడలు రావడం కష్టమయ్యేసరికి జ్ఞానోదయమైంది. పారిశ్రామిక కమిషన్ కూర్చుంది, 1922లో ఇక్కడే కొనడానికి ఇండియన్ స్టోర్స్ డిపార్ట్‌మెంట్ పుట్టింది. స్వేచ్ఛా వ్యాపార సూత్రం ఆనాడు కూడా ఎంతో నిష్పక్షపాతంగానే వినబడింది. లాభం మాత్రం ఎప్పుడూ ఒకే ఒడ్డుకు చేరింది.

గుడియాత్తంలో మరో ఉదాహరణ ఉంది. 1947లో ఎర్రకోట మీద ఎగిరిన జెండా మా ఊరి మగ్గం మీదిదేనని అక్కడివాళ్లు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. పింగళి వెంకయ్య రూపమిచ్చిన జెండాకు గుడియాత్తం నేత అంటే మాలాంటి సరిహద్దు తెలుగువాళ్లకు రెండింతల సంబరం. దశాబ్దాలపాటు జెండా అంటే చేత్తో వడికి, చేత్తో నేసిన బట్టే అన్నది నియమం. 2021 డిసెంబర్ 30న జెండా నియమావళిని సవరించి యంత్రంతో చేసినవి, పాలిస్టర్‌వి కూడా చెల్లుతాయన్నారు. జెండాలు చవకయ్యాయి, నిజమే. మరుసటి ఏడాది ఇంటింటా జెండా ఎగురుతుంటే, హుబ్బళ్లిలో ఖాదీ జెండాలు చేసే కేంద్రం నిరసనకు దిగింది. ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన అతిపెద్ద గిరాకీ వచ్చిన సంవత్సరమే ఆ గిరాకీ పాలిస్టర్‌కు తరలిపోయింది. జనం ఏ జెండా కొనుక్కోవాలన్నది జనం ఇష్టం. ఆఫీసుల కోసం సర్కారు కొనేవైనా ఖాదీవే అని ఒక్క వాక్యం రాసి ఉంటే ఎవరి జేబుకు చిల్లు పడేది?

కొనుగోలు ప్రాధాన్యానికీ దిగుమతి నిషేధానికీ ఉన్న తేడా కూడా ఇక్కడే తేలుతుంది. గుడియాత్తం, కోవిల్‌పట్టి, శివకాశి అగ్గిపెట్టెల పరిశ్రమను చవక లైటర్లు తినేస్తున్నాయన్న మొరతో 2023 జూన్‌లో కేంద్రం ఇరవై రూపాయల లోపు లైటర్ల దిగుమతిని నిషేధించింది. 2024లో విడిభాగాలకూ అది పాకింది. అగ్గిపుల్లల పనిలో ఉన్న ఆడవాళ్లను తలచుకుంటే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టబుద్ధి కాదు. కానీ నిషేధం దేశంలో ప్రతి కొనుగోలుదారు చేతినీ కట్టేస్తుంది, దాని ఖర్చు బీడీ వెలిగించుకునే కూలీ దాకా పాకుతుంది. కొనుగోలు ప్రాధాన్యం కట్టేది ఒక్క సర్కారు చేతిని. మీరూ నేనూ ఏ దేశపు చొక్కా అయినా తొడుక్కోవచ్చు. స్వేచ్ఛా విపణిని నిజంగా ప్రేమించేవాళ్లు ఈ రెండింట్లో మెత్తని పనిముట్టును సమర్థించాలి. విచిత్రంగా దాని మీదే ఎక్కువ విరుచుకుపడుతున్నారు.

ఇప్పుడు ప్రత్యర్థుల చేతిలో ఉన్న బలమైన ముక్కలకు వద్దాం. వాటికి జవాబు చెప్పకుండా తప్పించుకుంటే ఇది ఖండన అనిపించుకోదు.

మొదటిది బతుకమ్మ చీర. 2017లో తెలంగాణ ప్రభుత్వం సిరిసిల్ల మరమగ్గాలకు పని కల్పిస్తామంటూ కోటి మందికి చీరలు పంచింది. వ్యవధి చాలక చాలా చీరలు సూరత్ నుంచి తెచ్చారు. నాణ్యత చూసి మండిపడ్డ ఆడవాళ్లు కొన్నిచోట్ల వాటిని రోడ్డు మీద తగలబెట్టారు. ‘చూశారా, లోకల్ సరుకు!’ అన్నారు విమర్శకులు. తగలబడిన చీరల్లో ఎన్ని సిరిసిల్లవి, ఎన్ని సూరత్‌వి అని వాళ్లు ఆగి అడగలేదు. అసలు లోపం క్యాలెండర్‌లో ఉంది. మరమగ్గానికి, అక్కడి మాటలో సాంచాకు, నూలు కావాలి, మనిషి కావాలి, కోటి చీరలకు నెలలు కావాలి. పండగ తేదీ ముందే తెలిసి కూడా ఆర్డరు ఆలస్యంగా ఇస్తే దళారీయే గెలుస్తాడు, అతని దగ్గరే గోడౌన్‌లో తయారుగా ఉన్న సరుకుంటుంది. మరుసటి ఏడాది నుంచి ముందుగా ఆర్డరు ఇచ్చి సిరిసిల్లలోనే నేయించారు. తమిళనాడులో 1983లో ఎంజీఆర్ మొదలుపెట్టిన ఉచిత ధోతీ, చీరల పథకం నలభై ఏళ్లు దాటినా నడుస్తోంది. పొంగల్‌కు పంచే కోటికి పైగా చీరలు, దాదాపు అన్నే ధోతీలు రాష్ట్రంలోని మగ్గాల నుంచే తీసుకుంటున్నారు. ఇంత పెద్ద పని నలభై ఏళ్లు చేయగలిగినప్పుడు, చేతకానితనం నేతగాడిదని ఎలా అంటాం?

రెండో ముక్క ఇంకా పదునైనది: ఒకే కొనుగోలుదారుడిని నమ్ముకుంటే ఏమవుతుంది? 2023 చివర్లో ప్రభుత్వం మారింది, బతుకమ్మ చీరల ఆర్డరు ఆగింది, సిరిసిల్ల సాంచాలు ఆగాయి. తర్వాత స్వయం సహాయక సంఘాల మహిళలకు చీరలంటూ కొత్త ఆర్డర్లు వచ్చేలోపు అక్కడ పస్తులున్న ఇళ్లున్నాయి. రాణిపేటలోనూ ఈ చేదు తెలుసు. దేశంలో థర్మల్ విద్యుత్ ఆర్డర్లు మందగించినప్పుడు భెల్ పనే ఆధారమైన షెడ్లు వెలవెలబోయాయి. ఈ విమర్శలో నిజం ఉంది. అయితే దీనికి మందు ఏమిటి? సర్కారు ఆర్డరు ఒక్కసారిగా రావడం, ఒక్కసారిగా పోవడం జబ్బు అయితే, మూడేళ్లకో ఐదేళ్లకో ముందే చెప్పి, ఏటేటా కొంచెం తగ్గిస్తూ, బయటి మార్కెట్ వైపు నడిపించడం చికిత్స. ఆర్డరే వద్దనడం రోగిని పూడ్చిపెట్టే వైద్యం.

మూడోది భద్రాద్రి, యాదాద్రి. తెలంగాణ ఏర్పడ్డాక మణుగూరులో 1,080 మెగావాట్ల భద్రాద్రి, దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రాలను పోటీ టెండరు లేకుండా నామినేషన్ మీద భెల్‌కు ఇచ్చారు. భద్రాద్రిలో పాతపడిన సబ్‌క్రిటికల్ టెక్నాలజీ. ఇదంతా వివాదమై 2024లో విచారణ కమిషన్ దాకా వెళ్లింది, మొదట జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి, తర్వాత జస్టిస్ మదన్ బి. లోకూర్ దానికి నేతృత్వం వహించారు. ప్రభుత్వ రంగ సంస్థ, స్వదేశీ సంస్థ కాబట్టి అడగక్కర్లేదన్న వాదన అప్పట్లో గట్టిగానే వినిపించింది. స్థానిక ప్రాధాన్యాన్ని సమర్థించేవాడిగా నాకు అభ్యంతరం ఉన్నది సరిగ్గా ఇక్కడే. 2017 ఉత్తర్వు బిడ్ పిలవమంటుంది, ఎల్‌-1 తేల్చమంటుంది, ఆ ధరకు దిగమంటుంది. నామినేషన్‌లో ఇవేవీ లేవు. బిడ్లే లేనిచోట ఎల్‌-1 ఎవరు? అదే భెల్ ఎన్‌టీపీసీ సూపర్‌క్రిటికల్ బల్క్ టెండర్లలో ఇతరులతో పోటీపడి నెగ్గిన సందర్భాలున్నాయి. గెలిచినవాడు ఇక్కడే తయారు చేయాలన్న షరతు ఆ టెండర్లలో ఉంది, దానివల్ల విదేశీ టెక్నాలజీతో కొత్త ఫ్యాక్టరీలూ వచ్చాయి. పోటీ, ప్రాధాన్యం ఒకే టెండరులో ఇమిడాయి. రెండింటినీ శత్రువులుగా చూపించేవాళ్లు నామినేషన్ ఇచ్చినవాళ్లకే తెలియకుండా సాయం చేస్తున్నారు.

అసలు కోపం రావాల్సిన చోటు ఇప్పుడు చెబుతాను. ఉత్తర్వులో స్థానిక వాటా ఎంతో బిడ్ వేసేవాడు తనకు తానే ధ్రువీకరించుకుంటాడు. పది కోట్లు దాటితేనే ఆడిటరో చార్టర్డ్ అకౌంటెంటో సంతకం పెట్టాలి. ప్రభుత్వ కొనుగోళ్ల ఆన్‌లైన్ పోర్టల్ జెమ్‌లో కొనుగోళ్లు 2024-25లో ఐదు లక్షల కోట్ల రూపాయలు దాటాయి. అంత సముద్రంలో చిన్న టెండరు వాడు కొట్టిన టిక్కు మార్కును తిరగేసి చూసేవాడెవరు? పెట్టె విప్పి, లేబుల్ మార్చి అమ్మేవాడు కూడా క్లాస్-1 అనిపించుకోగలడు. ఇక్కడి డీలరు దగ్గర కొన్న దిగుమతి విడిభాగాన్ని స్థానిక వాటాలో కలిపేసుకునే కన్నాన్ని మూయడానికి 2024 జూలైలో సవరణ తేవాల్సి వచ్చిందంటే, అంతవరకూ ఏం జరిగిందో ఊహించుకోవచ్చు. ఆంబూరులో తోలు కోసి, కుట్టి, సోలు అతికించేవాడికి ఈ దొంగ స్థానికుడే అసలు పోటీ. విదేశీ కంపెనీ తర్వాతి మాట.

కోపం రావాల్సిన రెండో చోటు బిల్లు. చిన్న పరిశ్రమకు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలని 2006 నాటి చట్టం చెబుతోంది. కాగితం మీద ఇంతకన్నా గట్టి చట్టం ఉండదు. వడ్డీ అడిగితే తర్వాతి ఆర్డరు రాదన్న భయంతో నోరు మెదపని సరఫరాదారులే ఎక్కువ. ఆ ఆలస్యానికి బయట తెచ్చిన అప్పు వడ్డీని అతను తర్వాతి టెండరులో ధరలో కలుపుకుంటాడు. అప్పుడు మన విమర్శకుడు ఆ ధర చూసి, ‘స్థానికుడు ఖరీదు’ అని రాసుకుంటాడు. ఆ ఖరీదులో కొంత సర్కారు సొంత బద్ధకం వెల. దానికి నిందమోసేది మాత్రం మగ్గం, కుట్టుమిషను.

కాబట్టి పన్ను కట్టేవాడి తరఫున పోరాడతామనేవాళ్లకు చేయడానికి పని కావాలంటే బోలెడుంది. ప్రతి టెండరులో ఎల్‌-1 ధరకు దిగమని క్లాస్-1 వాళ్లను పిలిచారా లేదా, ఎవరు దిగారో, ఎవరు దిగలేదో జెమ్‌లో బహిరంగంగా పెట్టమని అడగండి. చిన్న టెండర్లలో కూడా కొన్నింటిని ఎంచి, గోడౌన్‌కు వెళ్లి స్థానిక వాటా తనిఖీ చేయమనండి. దొరికినవాణ్ని రెండేళ్ల దాకా నిషేధించే అధికారం ఉత్తర్వులోనే ఉంది, వాడమనండి. బిల్లు ఏ తేదీన వచ్చింది, ఏ తేదీన పాసైంది అన్న రెండు గడులు ప్రతి ఆర్డరు పక్కన కనబడాలనండి. పొంగల్ చీరకూ, స్కూలు పిల్లల బూటుకూ ఆర్డరు కనీసం ఆర్నెల్ల ముందు ఇవ్వాలనండి. నామినేషన్ దారిని మూయమనండి. తోలు సరుకుకు ముందుపీట కావాలంటే శుద్ధి ప్లాంటు నడుస్తున్నట్టు రుజువు చూపించాలన్న షరతు కలపమనండి. ఇందులో ఒక్కటి కూడా ఖజానాకు భారం కాదు. ఒక్కటి కూడా దిగుమతికి తలుపులు బార్లా తెరవమని కోరదు.

గుడియాత్తంలో నేసేవాడు, ఆంబూరు షూ ఫ్యాక్టరీలో కుట్టే ఆడపిల్ల, రాణిపేట షెడ్డులో వెల్డరు, వీళ్లంతా పన్ను కట్టేవాళ్లే. సబ్బు కొన్నప్పుడల్లా జీఎస్టీ కడుతూనే ఉన్నారు. ఎల్‌-1 లెక్కలో వాళ్లు ఖర్చు పద్దు కింద తప్ప ఎక్కడా కనబడరు. వాళ్లను పన్ను కట్టేవాళ్ల జాబితాలోంచి తీసేసి, పన్ను కట్టేవాడి పేరు మీద వాళ్ల పని తీసేయమని అడిగే వాదనకు పొదుపు అన్న పేరు చెల్లదు.